చెరువు హద్దు ముందా, ఇంటి పట్టా ముందా?

(మాచవరంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని ఈ సమావేశానికి పిలిచినవారు చెప్పిన విషయం వినడానికి చిన్నదే. చెరువుల పక్కన, వాగుల పక్కన వెలిసే ఇళ్ల ప్లాట్లను స్థానిక సంస్థలు ఎలా పరిశీలిస్తాయి, ఆ పరిశీలనలో మన మాటకు చోటుందా అన్నది వారి ప్రశ్న. చోటుంది. అయితే అది స్థలం అమ్ముడుపోకముందు మాత్రమే ఉంది. అమ్ముడుపోయి, గోడలు లేచి, కరెంటు మీటరు బిగించిన తరువాత మన మాట విన్నపం అవుతుంది, అంతకుముందు అయితే అది హక్కు. ఈ తేడా ఎంత పెద్దదో చెప్పడానికే ఇంతదూరం వచ్చాము.

ఈ మండలంవారికి భూమి రికార్డుల పరిశీలన కొత్త కాదు. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మాచవరం మండలంలోని సరస్వతీ పవర్ భూములను చూడటానికి వచ్చారు. వాటిలో అటవీ భూమి ఎంత, వాగులు వంకలు ఎన్ని ఉన్నాయో తేల్చమని అధికారులకు చెప్పారు. అందులోని రాజకీయం ఇప్పుడు మన చర్చ కాదు. మాకు కావలసింది ఒక్క సంగతే. పెద్ద సంస్థ కొన్న భూమిలో వాగు ఎక్కడుందో వెతకడానికి కావలసిన కాగితాలు, కొలిచే మనుషులు, పటాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. వందలాది ఎకరాల్లో చేయగలిగిన ఆ పని, నూరు గజాల స్థలం కొనే మేస్త్రీ కోసమో, సున్నపు బట్టీలో పనిచేసే కూలీ కోసమో ఎందుకు జరగదని అడిగే హక్కు మనకుంది.

ముందుగా మాట గురించి ఒక మాట. ప్రభుత్వ పత్రాల్లో ఇప్పుడు ‘చిత్తడి నేల’ అంటున్నారు. గోదావరి, విశాఖ ప్రాంతాల్లో ఇలాంటి పల్లపు నీటి నేలను ‘ఆవ’ అంటారు. అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ పేరు మీరు వినే ఉంటారు. పల్నాడులో ఆ మాట లేదు. ఇక్కడ ఉన్నవి చెరువులు, కుంటలు, వానాకాలంలో పారి వేసవిలో ఎండిపోయే వాగులు. ఎండిపోతాయి కాబట్టే అవి ఖాళీ భూమిలాగా కనిపిస్తాయి. సున్నపురాతి నేల, తక్కువ వాన, నాలుగేళ్లు నిండని కుంట. ఐదో ఏడు నిండేసరికి అందులో ఇళ్లుంటాయి.

చట్టం కూడా ఇక్కడ మనకు పూర్తిగా తోడు రాదు. కేంద్ర ప్రభుత్వం 2017లో చిత్తడి నేలల సంరక్షణ నిబంధనలు తెచ్చింది. 2010 నాటి పాత నిబంధనల స్థానంలో ఇవి వచ్చాయి. చిత్తడి నేల అంటే ఏమిటో నిర్వచిస్తూ కొన్నింటిని మినహాయించారు. నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, తాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు, సాగునీటి కోసం కట్టినవి, చేపల సాగు కోసం కట్టినవి అందులోకి రావు. అంటే మన ఊరి చెరువు కట్ట వేసి కట్టినదైతే, ఆ నిబంధనల కింద అది చిత్తడి నేల కాదు. కొల్లేరు ఆ కోవలోకి రాదు. అది 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉన్న సరస్సు. దాని కోసం ఢిల్లీ దాకా మాట్లాడేవారున్నారు. ఊరి కుంట కోసం మాట్లాడవలసింది ఊరి పంచాయతీయే. రాజ్యాంగం పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన విషయాలు రాశారు. అందులో చిన్న నీటి వనరులు, నీటి నిర్వహణ ఉన్నాయి. గ్రామీణ గృహనిర్మాణమూ ఉంది. రెండూ ఒకే జాబితాలో, ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. కాబట్టి ఇల్లు ఒక శాఖది, చెరువు ఇంకో శాఖది అని పంచాయతీ తప్పుకోవడానికి వీల్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాము. హైదరాబాదు శివార్లలో జల్‌పల్లి ఉంది. అక్కడ బుర్హాన్‌ఖాన్ చెరువు, దాని పక్కన ఉస్మాన్‌నగర్. నివసించేవారిలో అధికులు మన పేద ముస్లింలు. పాతబస్తీలో అద్దెలు భరించలేక, జీవితకాలం దాచుకున్న డబ్బుతో శివారులో చిన్న స్థలం కొన్నవారు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కుండపోత వాన పడింది. పల్లె చెరువు తెగి అలీనగర్‌లో ఒకే కుటుంబంలోనే పలువురు కొట్టుకుపోయారు. కొద్దిరోజులకు గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఆ నీళ్లు వచ్చినట్టే పోయాయి. ఉస్మాన్‌నగర్‌లో మాత్రం నీళ్లు పోలేదు. ఎందుకంటే అవి వరద నీళ్లు కావు, చెరువు తన చోటికి తాను తిరిగి వచ్చింది. వారాలు, నెలలు గడిచాయి. వందలాది ఇళ్లు నీటిలోనే ఉండిపోయాయి. ఇంటివారు బంధువుల ఇళ్లలో, మళ్లీ అద్దె గదుల్లో తలదాచుకున్నారు. ఎవరి అద్దె తప్పించుకోవడానికి ఇల్లు కట్టుకున్నారో ఆ అద్దే మళ్లీ కట్టవలసి వచ్చింది.

అక్కడి కుటుంబాలు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఇది చెరువు భూమి అయితే మా దగ్గర ఇంటి పన్ను ఎందుకు తీసుకున్నారు? కరెంటు ఎందుకు ఇచ్చారు? రోడ్డు ఎందుకు వేశారు? న్యాయమైన ప్రశ్న. కానీ దానికి చట్టం చెప్పే జవాబు మనకు అనుకూలంగా లేదు. పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదు. కరెంటు మీటరు నిర్మాణ అనుమతి కాదు. రిజిస్ట్రేషన్ కూడా స్థలం మంచిదని ఇచ్చే హామీ కాదు. ఇద్దరి మధ్య లావాదేవీ జరిగిందని మాత్రమే అది చెబుతుంది. నోటరీ కాగితం అయితే అంతకన్నా బలహీనం. అలాంటి కాగితాల మీద ఎన్ని వేల స్థలాలు చేతులు మారాయంటే, 2023లో తెలంగాణ ప్రభుత్వం వాటిని క్రమబద్ధీకరించడానికి ప్రత్యేక ఉత్తర్వే తేవలసి వచ్చింది. మన పెద్దలు అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ‘అక్కడ మసీదు కూడా కట్టారు, ఇంక భయమేముంది’ అన్న మాటను. మసీదు కట్టినంత మాత్రాన చెరువు వెనక్కి జరగదు. ఈ మాట కఠినంగా ఉండవచ్చు, కానీ అనక తప్పదు.

ప్రైవేటు వ్యాపారి అమ్మినప్పుడే ఇలా జరుగుతుందని అనుకోవద్దు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అక్కడి వాంబే కాలనీ పేదల కోసం ప్రభుత్వమే కట్టించిన కాలనీ. బుడమేరు కొల్లేటికి పోయే వాగు. దానిలో కొంత నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలుపుతారు. ఆ మళ్లింపు కాలువకు గండ్లు పడితే నీరు తన పాత పల్లానికే దిగింది. ఆ పల్లంలో ఎవరున్నారో అందరూ చూశారు. ఆటో డ్రైవర్లు, టైలర్లు, తోపుడుబండ్లవారు, వారిలో మన కుటుంబాలు కూడా. 2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం 30.75 లక్షల ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. పేదవారికి సొంత స్థలం ఇవ్వడం గొప్ప పనే, అందులో మాకు సందేహం లేదు. అయినా అదే కాలంలో రాజమహేంద్రవరం దగ్గర కోరుకొండ మండలం బూరుగుపూడి ఆవ భూములను ఇళ్ల స్థలాలకు ఎంచుకోవడం వివాదమై హైకోర్టు దాకా వెళ్లింది. నీళ్లు నిలిచే నేల అని పేరులోనే ఉన్న భూమి అది. పరిశీలన ఊళ్లో జరగకపోతే న్యాయస్థానంలో జరుగుతుంది. అప్పటికి డబ్బు ఖర్చయిపోతుంది, పేదవాడు ఎదురుచూస్తూ ఉండిపోతాడు.

ఇక్కడ మన ధర్మం చెప్పే మాట ఒకటి గుర్తు చేసుకోవాలి. నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో ప్రజలంతా భాగస్వాములని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధన మీద ఆధారపడి ఫిఖ్హ్ పండితులు ‘హరీం’ అనే నియమాన్ని విస్తరించారు. బావి చుట్టూ, వాగు పక్కన, ఊట దగ్గర కొంత నేలను ఎవరూ ఆక్రమించకుండా, కట్టకుండా వదలాలి. నీటి దగ్గరకు మనుషులూ పశువులూ రావడానికీ, నీరు చెడకుండా ఉండడానికీ ఆ నేల. బావికి ఎంత, ప్రవాహానికి ఎంత అన్న కొలతలు కూడా వారు చర్చించారు. ఈరోజు అధికారులు ‘బఫర్ జోన్’ అంటున్నది మనకు పరాయి భావన కాదు. కాబట్టి చెరువు హద్దు కాపాడమని ఎవరైనా అంటే, అది మన ఇళ్ల మీద దాడి అని వెంటనే అనుకోనక్కరలేదు. ఆ హద్దును అందరికీ ఒకేలా గీస్తున్నారా లేదా అన్నదే మనం పట్టుకోవలసిన ప్రశ్న.

ఒకేలా గీయకపోతే ఏమవుతుందో హైదరాబాదులో చూస్తున్నాము. 2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలును కూల్చినప్పుడు పెద్దవారిని కూడా వదలడం లేదని చాలామంది మెచ్చుకున్నారు. తరువాత పేదల ఇళ్ల దగ్గరకు యంత్రాలు వచ్చినప్పుడు అదే నోళ్లు మూగబోయాయి. మధ్యలో బండ్లగూడ సల్కం చెరువు దగ్గరి విద్యాసంస్థ మీద కూడా వాదోపవాదాలు నడిచాయి. మా అభిప్రాయం దాచుకోము. సినిమావారి హాలు అయినా, మనవారు నడిపే కాలేజీ అయినా, రేకుల ఇల్లు అయినా కొలతబద్ద ఒక్కటే ఉండాలి. మనవారికి మినహాయింపు కావాలని అడిగితే, రేపు రేకుల ఇంటివాడి తరఫున సమానత్వం అడగడానికి మనకు నోరు ఉండదు. అయితే కొలత ఒక్కటైనంత మాత్రాన ఫలితం ఒక్కటి కాదు. హాలు పోతే ఒక వ్యాపారం పోతుంది. ఇల్లు పోతే ఒక కుటుంబం వీధిన పడుతుంది. పునరావాసం అన్న మాట ఇక్కడే రావాలి.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా వినండి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజరు కూల్చివేతల మీద తీర్పు ఇచ్చింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం. నేరారోపణ ఉందన్న కారణంతో ఇల్లు కూల్చడం చెల్లదని, కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని, వ్యక్తిగతంగా వాదన వినాలని, ఉల్లంఘించిన అధికారి సొంతంగా బాధ్యత వహించాలని చెప్పింది. మన సమాజంలో ఎంతో ఊరట కలిగింది. మసీదుల దగ్గర, టీ దుకాణాల దగ్గర దాని గురించే మాట్లాడుకున్నారు. కానీ అదే తీర్పులో ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, నీటి వనరులు వంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కట్టిన వాటికి ఈ మార్గదర్శకాలు వర్తించవు. అంటే ఎవరికి ఈ రక్షణ అత్యవసరమో, చెరువు అంచున చవకగా దొరికిన స్థలంలో ఇల్లు కట్టుకున్నవారికి, వారికే ఆ 15 రోజుల హామీ లేదు. ఆ తీర్పు ప్రతిని గోడకు అంటించుకున్నా ఆ ఇంటిని అది కాపాడదు.

అంతమాత్రాన వారికి ఏ హక్కూ లేదని కాదు. ముంబయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో, 1985లో, తొలగించే ముందు చెప్పాలి, వినాలి అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణల మీద 2011లో వచ్చిన జగ్‌పాల్ సింగ్ తీర్పు చాలా కఠినమైనది. ఎన్నేళ్లుగా ఉన్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టినా, ఎవరి అండ ఉన్నా అది సమర్థన కాదని చెప్పింది. అదే తీర్పు, భూమిలేని కూలీలకో ఎస్సీ ఎస్టీలకో ప్రభుత్వమే కౌలుకు ఇచ్చిన చోట, బడి, ఆసుపత్రి వంటివి ఉన్న చోట క్రమబద్ధీకరణను అసాధారణ సందర్భంగా ఆలోచించవచ్చని వదిలింది. ఈ సన్నని దారిలోనే, ఇప్పటికే ఉంటున్న కుటుంబాల కోసం మనం వాదించాలి. ప్రభుత్వమే పట్టా ఇచ్చి ఉంటే, పంచాయతీయే అనుమతి ఇచ్చి ఉంటే, ఆ కుటుంబానికి వేరే చోట ఇల్లు చూపకుండా కదిలించకూడదని గట్టిగా నిలబడాలి. కొత్తగా కొనబోయేవారి సంగతి వేరు. వారిని ఆపడమే వారికి చేసే మేలు.

పంచాయతీ ఏం పరిశీలించాలి? లేఔటు వేసేవారు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు పంచాయతీ దాన్ని సాంకేతిక ఆమోదానికి పట్టణ ప్రణాళిక అధికారులకు పంపుతుంది. రెవెన్యూ, నీటిపారుదల శాఖల నిరభ్యంతర పత్రాలు కావాలి. ఆ ఆమోదం వచ్చాకే పంచాయతీ తుది అనుమతి. ఆచరణలో చాలా చోట్ల కంకర రోడ్డు వేసి, రాళ్లు పాతి, రంగుల కరపత్రం పంచి, ప్లాట్లు అమ్మేసిన తరువాత దరఖాస్తు మాట ఎత్తుతారు. అప్పుడు పంచాయతీ కార్యదర్శి ముందు భూమి ఉండదు, యాభై కుటుంబాలు ఉంటాయి. వాటిని కాదనడం ఎవరికీ చేతకాదు.

ఆ సర్వే నంబరు పాత రికార్డులో ఏమని ఉందో చూడడం మొదటి పని. ఆంధ్ర ప్రాంతంలో రీసెటిల్మెంటు రిజిస్టరు, డైగ్లాట్, గ్రామ పటం, ఎఫ్ఎంబీ అనే కొలతల పుస్తకం ఉంటాయి. అడంగల్ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. అడంగల్ ఈనాటి సాగు చెబుతుంది, పాత రిజిస్టరు ఆ నేల పుట్టుక చెబుతుంది. అందులో ‘చెరువు పోరంబోకు’, ‘వాగు పోరంబోకు’ అని ఉంటే ఇక చర్చ అవసరం లేదు. చెరువు గర్భాలను, వాటి ముంపు అంచులను అసైన్‌మెంటు చేయరాదని బోర్డు స్టాండింగ్ ఆర్డర్ 15 ఏనాటి నుంచో చెబుతోంది. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో, అంటే 22ఎ జాబితాలో, ఆ నంబరు ఉందేమో కూడా చూడాలి. సర్వే నంబరు పట్టా భూమే అయినా చెరువు పక్కన ఉంటే దూరం కొలవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న కాలువకు, వాగుకు 9 మీటర్లు. అంతకన్నా సన్నని వాటికి 2 మీటర్లు. ఈ నిబంధనలను మధ్యమధ్య సవరిస్తుంటారు కాబట్టి తాజా ఉత్తర్వు ప్రతిని అడిగి చదవండి. కొలత ఎప్పుడూ నీరున్న చోటి నుంచి కాదు, చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే గీత నుంచి. మే నెలలో టేపు పట్టుకుని ‘నీళ్లు అంత దూరంలో ఉన్నాయి కదా’ అని చూపించేవారిని నమ్మకండి.

ఈ కాగితాలు అడగడానికి వకీలు అక్కరలేదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సచివాలయంలో గ్రామ సర్వేయరు ఉంటారు. చదువుకున్న మన ఆడపిల్లలు ఇంటింటా ఉన్నారు, ఒక్కరు కూర్చుంటే గంటలో రాసే దరఖాస్తు ఇది. అమ్మకం జరిగే ఇంట్లో మాట ముగించేది మగవారే కావచ్చు. కానీ నగలు కుదువ పెట్టేది, చీటీ పాడేది ఆడవారు. కనుక కాగితం చూసే హక్కు వారిదే ముందు అంటాము.

ఈ పని మన ఒక్కరిదే అన్నట్టు చేయవద్దు. చెరువు అంచున స్థలం కొనేవారిలో దళిత కుటుంబాలు, వడ్డెర కుటుంబాలు, మన కుటుంబాలు పక్కపక్కనే ఉంటాయి. ముస్లింలే గుంపుగా వెళ్లి అడిగితే దాన్ని వేరేగా చూపించేవారు బయలుదేరుతారు. అందరూ కలిసి అడిగితే అది ఊరి ప్రశ్న అవుతుంది.

వచ్చే గ్రామసభలో మీరు పెట్టవలసిన తీర్మానం మూడు వాక్యాలు చాలు. గ్రామ పరిధిలోని ప్రతి చెరువుకు, కుంటకు, వాగుకు సర్వే చేసి పూర్తి నీటిమట్టం దగ్గర హద్దురాళ్లు పాతాలి. ఆ సర్వే నంబర్ల జాబితాను, అనుమతి పొందిన లేఔట్ల జాబితాను పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాయాలి. ఆ హద్దు లోపల ఇప్పటికే నివసిస్తున్న కుటుంబాల పేర్లు విడిగా నమోదు చేసి, వారికి వేరే స్థలం చూపే వరకు కదిలించరాదని జిల్లా కలెక్టరుకు రాయాలి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసేదాకా అక్కడి నుంచి లేవకండి. సంతకం పెట్టేముందు చదివించుకోండి, ఆ పేజీకి నకలు అడిగి తీసుకోండి.